మిట్ట మీది రేగుకొమ్మ

అడవి మధ్య ఓ మిట్ట ఉండేది. అది ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. వాగు పొంగి ఇళ్లు పోగొట్టుకున్న ఎలుకలకు అక్కడ బొరియలు తవ్విద్దామని తాబేలు తాత అందరి మాటా అడిగాడు. సరేనన్నవాళ్లు గడ్డిపోచ, వద్దన్నవాళ్లు ముళ్లకొమ్మ మిట్ట మీద వేసిపోవడం అక్కడి ఆనవాయితీ.

మిట్ట కిందే కుందేలు కాపురం. "పాపం, వాళ్లకి ఇళ్లు ఉండాల్సిందే తాతా! కానీ ఇక్కడే ఎందుకూ? ఒకటే గోల!" అంటూ ఏరి ఏరి పెద్ద రేగుకొమ్మ ఈడ్చుకొచ్చి వేసింది.

సాయంత్రం గాలికి గడ్డిపోచలు ఎగిరిపోయాయి. ముళ్లే మిగిలాయి. ఎలుకలు పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయాయి.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఈసారి వాగు కుందేలు ఇంట్లోకే వచ్చింది. పిల్లల్ని వెంటేసుకుని అది మిట్టకేసి పరుగెత్తింది. కొమ్మలన్నీ ఎండి, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని, దూరడానికి సందు లేకుండా ఉన్నాయి. అన్నిటికంటే ముందు తన రేగుకొమ్మే ఉంది.

"ఈ ముళ్లు ఎవరు వేశారమ్మా?" అంది చిన్నపిల్ల, వణుకుతూ.

కుందేలు తడిసిన చెవులు వాల్చేసింది.

"అప్పట్లో ఇల్లున్నవాళ్లమ్మా," అంది.