పదో ఇల్లు

"పదో ఇంటి గడి మళ్లీ ఖాళీయేనా అమ్మా?" అని అడిగాడు మార్కుగారు, కాగితం మీంచి తల ఎత్తకుండా.

"ఖాళీయేనండీ," అంది సంతోషకుమారి.

"పదకొండు వారాలైంది."

"అవునండీ."

అద్దంకిలో ఆయన నడిపే స్వచ్ఛంద సంస్థ ఆఫీసంటే రెండు బల్లలు, ఒక ఫ్యాను. తలపెట్టిన పని మాత్రం పెద్దది. మిర్చి పోయి, పత్తి పోయి, మగమనిషి తన ప్రాణం తానే తీసుకున్న ఇళ్లు చుట్టుపక్కల పది ఉన్నాయి. ఆ ఇళ్లలోని ఆడవాళ్లకు బతుకు మీద మళ్లీ కాస్త ఇష్టం కలిగించాలి. వారానికోసారి ఇంటింటికీ వెళ్లి, "ఈ వారం మీకు బాగుందనిపించింది ఏమైనా ఉందా?" అని అడిగి, జవాబు గడిలో రాసి, కింద ఇంటావిడ సంతకం తీసుకోవాలి. అందుకు సంతోషకుమారిని పెట్టుకున్నారు. ఆమె వెళ్తే ఆ ఇళ్లలో తలుపులు తెరుస్తారు.

ముందు ఒంగోలులో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ఎవరో మేడంగారు తలా ఒక ఎండుద్రాక్ష చేతిలో పెట్టి, అయిదు నిమిషాల పాటు నమలమంది. ధ్యాసంతా రుచి మీదే ఉండాలట. ఇళ్లలోనూ ఇదే చేయించాలట. పక్కనున్నవాళ్లు కళ్లు మూసుకుని లొట్టలేశారు. సంతోషకుమారికి ఏ రుచీ తెలియలేదు. బాగుందని చెప్పి ఊరుకుంది.

"రూలు తెలుసుగా," అన్నాడు మార్కుగారు. "పన్నెండో వారం కూడా ఖాళీ అయితే ఆ ఇంటావిడను గుంటూరు తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాలి. ఎన్నాళ్లుంచుతారో నేను చెప్పలేను."

"తెలుసండీ."

"ఆవిడ తింటోందా?"

"తింటోంది. పడుకుంటోంది. పనికీ వెళ్తోంది. ఏడవదండీ, అంతే. నవ్వదు కూడా."

మార్కుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పోనీ ఆ ఇల్లు ఇంకెవరికైనా అప్పగించనా?"

"వద్దండీ. నేనే చూసుకుంటాను. రోజూ వెళ్తూనే ఉన్నాను."

ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం ఆమెకు తిరిగిచ్చాడు.

ఆ పదో ఇంటావిడ ఇక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందేమోనని సంతోషకుమారికి భయం వేయాలి. ఆ భయం కూడా వేయడం లేదు. మర్నాడు సంచి భుజాన వేసుకుని పన్నెండో వారం తిరుగుడు మొదలుపెట్టింది.

మొదటి వారం మౌలాబీ ఈ ప్రశ్న విని, "నీకేమైనా పిచ్చా?" అంది. అదే మౌలాబీ ఇప్పుడు ఎదురొచ్చి మరీ చెప్పింది. బట్టలుతుకుతుంటే పాట నోటికొచ్చిందట. చివరిదాకా పాడాకగానీ తను పాడుతున్నట్టు తెలియలేదట. ఇంకొకామెకు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సంతోషకుమారి అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. వాళ్లు నవ్వితే తనూ పెదాలు కదిపింది. పోస్ట్‌మ్యాన్ చేతిలో ఎవరివో ఉత్తరాల్లా వాళ్ల సంతోషాలు ఆమె చేతిమీదుగా పోతున్నాయి. లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తొమ్మిదో ఇల్లు కోటేశ్వరిది. వాకిట్లో పట్టా పరుచుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"మళ్లీ ఆ ఎండుద్రాక్ష తెచ్చావా?"

"తెచ్చానక్కా."

"నువ్వే తిను. అయిదు నిమిషాల్లో నేను గంపెడు కాయ తొడిమ తీస్తా."

"మరి గడిలో ఏం రాయను?"

"పండుమిరప పచ్చడి నూరాను, బాగా కుదిరింది అని రాయి. ఆయన పోయాక రోటి దగ్గర కూర్చోవడం ఇదే మొదటిసారి. ఆ సంగతులన్నీ నీకు చెప్పేదేముంది."

కోటేశ్వరి లోపలికెళ్లి వేడన్నంలో పచ్చడి కలుపుకొచ్చింది. ముద్ద చేసి సంతోషకుమారి చేతిలో పెట్టింది.

"నమలాలంటే ఇది నములు. మీ మేడంగారికీ చెప్పు."

కారం నషాళానికి అంటింది. చెవులు వేడెక్కాయి. కళ్లంట నీళ్లు కారాయి. సంతోషకుమారి మంచినీళ్లు అడగలేదు. కదలకుండా కూర్చుని నములుతూనే ఉంది.

"నీళ్లు తాగు పిల్లా," అంది కోటేశ్వరి కంగారుగా. "కారం ఎక్కువైందా?"

"లేదక్కా. తెలుస్తోంది."

కోటేశ్వరి ఆమెకేసి కాసేపు చూసింది. ఇంకో ముద్ద చేసి పెట్టింది.

ఊరి చివర పదో ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. తలుపుకు తాళం వేసి ఉంది. సంతోషకుమారి ఎవరినీ పిలవలేదు. పక్కింటివాళ్లను అడగనూ లేదు. మెట్టు మీద కూర్చుని కాగితం తీసింది.

పదో గడిలో, "పండుమిరప పచ్చడి తిన్నాను. కారం తెలిసింది," అని రాసింది. కాసేపాగి, "ఇంకో ముద్ద కూడా తిన్నాను," అని చేర్చింది. కింద ఇంటావిడ సంతకం అన్నచోట తనే సంతకం పెట్టేసింది.

తప్పుడు పని అనుకుంటున్నారు కదూ. పదకొండు వారాలు నిజాయితీగా గడి ఖాళీగా వదిలిన మనిషి చివరికి ఇంతకు తెగించిందేమిటా అని. మార్కుగారు మాత్రం రేపు ఆ సంతకం చూసి ఒక్క మాట కూడా అనడు.

సంతోషకుమారి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, తాళంచెవి తీసి, తన ఇంటి తలుపు తెరుచుకుని లోపలికి వెళ్లింది.