కాంటెస్సా ఎడమ పక్క

మదనపల్లె టమాటా మార్కెట్ యార్డులో వెనక్కి వస్తున్న పికప్ వ్యాను ఒకటి రాజేంద్ర కాంటెస్సా కారును గుద్దింది.

ఎడమ పక్క ముందు మడ్‌గార్డు నొక్కుకుపోయింది. ముందు తలుపుకు జానెడు సొట్ట పడింది.

జనం పోగై వ్యాను డ్రైవరును తిడుతున్నారు. రాజేంద్ర సొట్ట మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు.

అది ఎనభై తొమ్మిది మోడల్ బండి. తండ్రి కృష్ణప్ప దాన్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నాడు. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉందని, గీత కూడా పడలేదని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

ఆయన పోయి మూడేళ్ళయింది. తండ్రి మీద బెంగ పుట్టినప్పుడల్లా రాజేంద్ర పుంగనూరులో ఇంటి పక్కనున్న షెడ్డులోకి వెళ్ళి, ఆ బండిలో కాసేపు కూర్చుని వస్తాడు. సీటుకు ఇంకా నాయన వాసన ఉందంటాడు. ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

కంపెనీ మడ్‌గార్డు కోసం రెండు నెలలు కాళ్ళరిగేలా తిరిగాడు. బెంగళూరు పాత సామాను కొట్లన్నీ గాలించాడు. దొరకలేదు.

స్నేహితులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. పలమనేరులో పాత బండ్లను మోడిఫై చేసే షాపు ఉందట. వెడల్పు ఫైబరు మడ్‌గార్డులు, మెరుపు లేని నల్లరంగు, లావు టైర్లు, కొత్త ఇంజను. రోడ్డెక్కితే ఊరంతా తిరిగి చూస్తుందన్నారు.

రాజేంద్రకు మనసొప్పలేదు. అలాగని సొట్టపడ్డ బండిని రోజూ చూస్తూ ఉండనూలేకపోయాడు.

ఆ ఊగిసలాటలో ఉండగా ఒక ఆదివారం పొద్దున షెడ్డు ముందుకు ఒక ముసలాయన వచ్చాడు. కుప్పం నుంచి బస్సులో వచ్చానని, బండ్ల సొట్టలు తీసే టింకరింగ్ పని చేస్తానని చెప్పాడు. బండికి దెబ్బ తగిలిందని ఎవరో అంటే విని వచ్చాడట.

రాజేంద్ర సరేననకముందే బండి దగ్గరికి నడిచాడు. సొట్టను చూడలేదు. దెబ్బ తగలని ఎడమ వెనక తలుపును మునివేళ్ళతో మెల్లగా నిమిరాడు. గోటితో అక్కడక్కడా తట్టి, చెవి ఆనించి విన్నాడు.

తుక్కు బేరగాళ్ళు కూడా ఇలాగే తట్టి చూస్తారు. రాజేంద్రకు ఒళ్ళు మండింది.

"ఏం సూస్తాండావు పెద్దాయనా?"

"నాకు నెల దినాలు ఇయ్యప్పా. సుత్తితోనే సొట్ట ఎత్తి ఇస్తా. పుట్టీ పూసి కప్పను. కూలి కూడా వద్దులే."

కూలి వద్దనేసరికి అనుమానం రెట్టింపైంది.

"ఇది కంపెనీ రేకు. రోడ్డు పక్క సుత్తి తగిలితే ఏమవతాదో నాకు తెలుసు. కంపెనీ పనితనం నీకేం తెలుసప్పా?"

ముసలాయన అతని ముఖంలోకి చూశాడు.

"నిజమేలేప్పా" అన్నాడు. "ఎవురితోనైనా చేయించుకో. రేకు కోయించొద్దు. అదొక్కటే."

మంచినీళ్ళు కూడా అడగకుండా బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

దారినపోయే ప్రతివాడూ చెయ్యి పెట్టే బండి అయిపోయిందని రాజేంద్రకు ప్రాణం చివుక్కుమంది. ఆ కోపంలోనే మర్నాడు బండిని పలమనేరు పంపేశాడు.

నాలుగో రోజు షాపతను ఫోన్ చేశాడు.

"ఎడమ పక్క మొత్తం కోసేసినామన్నా. కానీ ఇది కంపెనీ రేకు కాదు. మడ్‌గార్డు, రెండు తలుపులు, అంతా చేత్తో కొట్టిందే. లోపల పక్క సుత్తి గుర్తులుండాయి. ముందే తెలిసింటే కోసేవాళ్ళం కాదు. ఇట్లా కొట్టేవోళ్ళు ఇప్పుడు యాడా లేరన్నా. యాడ చేయించినారు?"

రాజేంద్ర ఫోన్ పెట్టేసి వసారాలోకి వచ్చాడు.

తల్లి గోవిందమ్మ చెల్లెలింట్లో పది రోజులుండి ఆ ఉదయమే తిరిగొచ్చింది. అక్కడ కూర్చుని అనపకాయలు వలుస్తోంది. నాయన అన్నేళ్ళూ అబద్ధం ఎందుకు చెప్పాడని రాజేంద్ర ఆమెను నిలదీశాడు.

ఆమె చేతిలో కాయను చాటలో పడేసింది.

"నీకు నాలుగేండ్లురా. బండెక్కి ఆడుకుంటా హ్యాండు బ్రేకు వదిలేసినావు. బండి దొర్లుకుంటా పోయి మోరీ కాలవలో ఎడమ పక్కకి పడె. నీకు దెబ్బ తగల్లేదు గానీ ఒకటే జరం. నావల్లే బండి సచ్చిపాయ అని నిద్దర్లో ఏడిసేవాడివి."

కృష్ణప్ప పిల్లవాణ్ణి రామసముద్రంలో అమ్మమ్మ దగ్గరికి పంపించాడట. కుప్పం నుంచి ఒక టింకరును తెచ్చుకున్నాడట. ఆ మనిషి షెడ్డులోనే వండుకు తిని, అక్కడే పడుకుని, ఎడమ పక్క మొత్తం కొత్తగా కొట్టాడట. పిల్లవాడు తిరిగొచ్చాక బండిలో కూర్చోబెట్టి, చూడు, ఏమీ కాలేదు, నీకు కల వచ్చింది అన్నాడట. గీత పడలేదన్న మాట ఊరందరికీ చెప్పడం అప్పుడు మొదలుపెట్టాడు.

"బండి గొప్ప కోసం కాదురా ఆ మాట. నీ కోసం."

రాజేంద్రకు తండ్రి మళ్ళీ ఒకసారి పోయినట్టనిపించింది. ఆదివారం వచ్చిన ముసలాయనే అని తెలిసి కూడా టింకరు పేరు అడిగాడు.

"మునెప్ప. పిల్లోనికి ఎప్పటికీ చెప్పొద్దని మీ నాయన సేతిలో సెయ్యి ఏయించుకున్నాడు."

మొన్న ఆదివారం తనకు కంపెనీ పనితనం తెలియదని ఒప్పుకుని వెళ్ళిపోయిన ఆ ముసలాయన, ఒక్క మాటతో తన చేతిపనిని కాపాడుకోగలిగి ఉండీ, నాలుగేళ్ళ రాజేంద్ర కోసం నోరు కట్టుకున్నాడు.