ఒంటి చుక్క

“పద్నాలుగులోంచి పదమూడు తీసేస్తే ఎంత బాబాయ్ గారూ?”

కౌంటర్ అవతల కూర్చున్న ఆమె మామూలుగానే అడిగింది. ఇవతల ఉన్న పెద్దాయనకి మాత్రం వీపు మీద చెమట పట్టింది.

అది గణాంకాల ఆఫీసు. చదువుకోడానికి పరాయి దేశాల నుంచి ఎంతమంది వచ్చారు, చదువయ్యాక ఎంతమంది ఉద్యోగ వీసా మీద ఉండిపోయారు, ఏ జిల్లాలో ఉన్నారు... ఈ లెక్కలు ఎవరొచ్చి అడిగినా చూపించాలి. పేర్లుండవు, అంకెలే. ఒకరి నుంచి నలుగురిదాకానే ఉంటే, మనిషి ఎవరో పోల్చుకోకుండా ఆ గడిలో అంకె కూడా ఉండదు, చుక్క గుర్తుంటుంది. ఆ చుక్కలు పెట్టేది ఈయనే. అందుకే ఆఫీసులో అందరికీ ఆయన ‘చుక్కల బాబాయ్’.

ఆమె పొద్దున్నే, తలుపులు తీస్తూండగానే వచ్చింది. చేతిలో నాలుగు మడతల కాగితం.

“గాజు ఇంజినీరింగ్. ఆడవాళ్లు. అయిదేళ్ల కిందట వచ్చినవాళ్లు. దేశం ఇది,” అని తెర మీద వేలు పెట్టి చూపించింది.

“పరిశోధనా అమ్మా?”

“కాదు. ఒక మనిషి ఎక్కడుందో తేలాలి. మొగుడికి చెప్పకుండా వెళ్లిపోయింది. ఆయన వెతుకుతున్నాడు. ఆయనకి తెలిసినవి ఈ నాలుగు ముక్కలే. వీటితోనే తేలాలి.”

“ఇక్కడ మనుషులు దొరకరమ్మా, అంకెలే దొరుకుతాయి. మనుషులు కావాలంటే పెళ్లిసంబంధాల ఆఫీసు పక్క వీధిలో ఉంది.”

ఆమె నవ్వలేదు. “పట్టిక తెరవండి.”

తెరవక తప్పలేదు. అడిగినవాళ్లని ఎందుకని అడిగే హక్కు ఆయనకి లేదు.

మొత్తం పద్నాలుగు. రాజధానిలో పదమూడు. మిగతా జిల్లాలన్నీ సున్నాలు. రేవు జిల్లా గడిలో ఒక చుక్క.

అప్పుడు అడిగింది ఆ తీసివేత.

బాబాయ్ ఆ చుక్క వంక మళ్లీ చూశాడు. ఒక గడికి చుక్క పెడితే, తోడుగా ఇంకో గడికీ పెట్టాలి, లేకపోతే మొత్తంలోంచి మిగతావి తీసేస్తే దాచిన అంకె బయటపడిపోతుంది. ఒంటి చుక్క పెట్టడమంటే ఇంటికి తాళం వేసి, తాళంచెవి దానికే వదిలేయడం. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎప్పుడూ చేయని తప్పు.

“ఆ... ఆ పదమూడుమందిలో ఉండొచ్చుగా?” అన్నాడు.

“లేదు. వాళ్లంతా ఆవిడ క్లాసుమేట్లే. అందరి గుమ్మాలూ ఆయన తొక్కేశాడు. ఒకమ్మాయి తలుపు తీయనంటే గడియ ఊడొచ్చేదాకా తన్నాడు. రేవు జిల్లాలో గాజు ఫ్యాక్టరీలు ఎన్ని?”

“నాకు తెలీదు.” అబద్ధం.

“ఒకటే.”

అన్నీ తెలుసుకునే వచ్చింది! ఆమె చేతిలో కాగితం సన్నగా వణుకుతోంది. వేట దొరికిన క్షణాన వేటగాళ్లకీ చేతులు వణుకుతాయేమో అనుకున్నాడు.

“ఆయనే పంపాడా నిన్ను?” మర్యాద ఎప్పుడు జారిపోయిందో ఆయనకే తెలీదు.

ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి. “ఈ లెక్క ఎవరొచ్చినా తీయగలరా?” అంది.

“తీసివేతలు వచ్చిన ప్రతివాడూ తీయగలడు.”

“అయితే పది నిమిషాల పని.” ఆమె గడియారం చూసుకుంది.

బాబాయ్ చెల్లెలు ఒకసారి చెయ్యి విరిగి పుట్టింటికొచ్చింది. మెట్ల మీంచి పడ్డానంది. ఆ మెట్లకి మీసాలున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ, పదో రోజున వెనక్కి పంపించారు. బాబాయే బస్సెక్కించి వచ్చాడు.

ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

“ఏం చేస్తున్నారు?”

“ఈ పట్టిక తీసేస్తున్నాను.”

“తీయొచ్చా?”

“డైరెక్టర్ సంతకం లేకుండా తీయకూడదు. తీస్తే ఉద్యోగం ఊడుతుంది. ఊడనీ. ఏడు నెలల్లో ఎలాగూ ఇంటికే.”

టకటకా కొట్టాడు. తెర తెల్లబడింది. పక్క గదిలోంచి కేక వినిపించింది.

“బాబాయ్! మీ పట్టిక మాయమైందేంటి?”

“దానికి కాళ్లొచ్చాయిలే. నువ్వు నీ పని చూసుకో!”

ఆమె కుర్చీలో ముందుకి వంగింది. “పూర్తిగా పోయిందా? ఇంకెక్కడా లేదా?”

“లేదు. నిన్న సాయంత్రమే పెట్టాం. ఇప్పటిదాకా తెరిచింది నువ్వొక్కదానివే. ఇక ఎవరూ తెరవలేరు.”

“పాతవి?”

“పాతవాటికి జంట చుక్కలే ఉన్నాయి. నీ పప్పులు అక్కడ ఉడకవు.”

ఆమె కళ్లు మూసుకుని వెనక్కి వాలిపోయింది. ఓడిపోయింది, అనుకున్నాడు బాబాయ్. చాలా ఏళ్ల తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

కాసేపటికి ఆమె లేచింది. చేతిలో కాగితాన్ని నాలుగు ముక్కలుగా చించి చెత్తబుట్టలో వేసింది. బాబాయ్ కోపం చల్లారలేదు.

“కాగితం చించితే చాలా? బుర్రలో ఉందిగా! ఇటునుంచి ఇటే వెళ్లి ఆ మొగుడి చెవిలో ఊదవూ?”

గుమ్మం దగ్గర ఆగి, ఆమె మొదటిసారి నవ్వింది.

“మా ఆయనతో నేను మాట్లాడి మూడేళ్లయింది బాబాయ్ గారూ.”