బంట్ల గోడ

పెద్దల్లుడు కుడిచెవిలో దూది పెట్టుకుని ఊరి లైబ్రరీలో ఆటకు కూర్చున్నాడు. చెవిపోటని అందరికీ చెప్పాడు. దూది కింద బఠానీ గింజంత యంత్రం ఉంది. సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాడికి ఆ మాత్రం అమర్చుకోవడం ఒక పనా?

ఆట మామగారి బీరువా కోసం. అది మామూలు బీరువా కాదు. ఒక అరలో కాపురం పెట్టి, రెండోది అద్దెకివ్వొచ్చు. అది ఎవరికన్నదీ చెప్పకుండానే మామగారు కన్నుమూశారు. అక్కచెల్లెళ్లు మొహాలు చూసుకోవడం మానేశారు. చివరికి తోడల్లుళ్లిద్దరూ చదరంగం ఆడాలనీ, గెలిచినవాడు బీరువా పట్టుకెళ్లాలనీ ఒప్పందం కుదిరింది.

పెద్దల్లుడి భార్య మామగారింట్లోనే వెనక గదిలో గడియ పెట్టుకుని, చెవులకు డిప్పలు తగిలించుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. ఈయన ప్రతి ఎత్తూ జపం చేస్తున్నట్టు గొణుగుతాడు. ఆవిడ దాన్ని సాఫ్ట్‌వేరుకు చెప్పి, అదిచ్చిన జవాబు ఈయన చెవిలో ఊదుతుంది. “నేను చెప్పేదాకా లేచావో, చంపేస్తా” అని ముందే కట్టడి చేశాడు.

చిన్నల్లుడు పార్శిలాఫీసు గుమాస్తా. లైబ్రరీలో ఎదురుగా కూర్చుని మొదటినుంచీ తలతిక్క ఆటే ఆడాడు. తన బంట్లన్నిటినీ తోసుకొచ్చి పెద్దల్లుడి బంట్ల ముక్కులకు ఆనించాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి గోడ కట్టినట్టయింది. చీమ దూరే సందు లేదు. మిగతా బలగం ఇద్దరిదీ ముందే పోయింది; పైగా తన రెండు ఏనుగుల్నీ అప్పనంగా ఇచ్చేశాడు. అతనికి రాజూ బంట్లూ మిగిలాయి. పెద్దల్లుడికి రెండు ఏనుగులూ ఉన్నాయి, గోడకి ఇవతల.

“అన్నయ్యా, ఇంక ఎవరం ఎటూ పోలేం. డ్రా అనుకుని టీ తాగుదామా?”

“ఒప్పుకోకండి!” అంది చెవిలో భార్య. “గెలుపు మనదేనంటోంది. పది బంట్లంత పైచేయట!”

పెద్దల్లుడికి గోడ కళ్లెదుటే కనబడుతోంది. అయితే మాత్రం, కంప్యూటరు కంటే తన కళ్లెక్కువా? దానికేమో ఏనుగుల్ని లెక్కపెట్టడమే తెలుసు.

“అప్పుడే కాళ్లు వణుకుతున్నాయా తమ్ముడూ? ఆడు, ఆడు.”

“మీ ఇష్టం. నాకేం తొందర్లేదు.”

ఏనుగు కుడికి వెళ్లింది. ఏనుగు ఎడమకు వచ్చింది. అవతల రాజు భోంచేసి పచార్లు చేసే ముసలాయనలా ఓ గడి అటూ ఓ గడి ఇటూ తిరిగాడు. గంటయింది. రెండయింది. “ఏమంటోందే?” అని గొణిగాడు పెద్దల్లుడు. “పదకొండు బంట్లంటోంది, కానివ్వండి!” మూడో గంట కూడా నిండింది. లైబ్రేరియను గురక పెట్టి, లేచి, మళ్లీ గురక పెట్టాడు.

చిన్నల్లుడి జేబులో ఫోను మూలిగింది. చూసుకుని, తన రాజుని పడుకోబెట్టి చెయ్యి చాచాడు.

“మీదే గెలుపు అన్నయ్యా. నావల్ల కాదు.”

పెద్దల్లుడు ఎగిరి గంతేశాడు. ఇంకెవరికి దాపరికం? “లేవే, గెలిచాం! వెళ్లి బీరువా తుడువు!”

చెవిలో గడియ తీసిన చప్పుడు. తర్వాత ముందుగదిలోకి అడుగుల చప్పుడు.

“ఏమండీ... ఏ బీరువా?”

చిన్నల్లుడు వంగి, ఆ దూదికి నోరు ఆనించి మర్యాదగా అన్నాడు: “కంగారుపడకండి వదినా, మరలు విప్పి మొయ్యడానికి మా హమాలీలకి సరిగ్గా మూడు గంటలు పట్టింది, మీ చెల్లెలు మా ఇంట్లో బిగింపించేసిందట.”