అనసూయ తోడు

ఇప్పుడు గుండెమందునూ ప్రతి ఇంట్లో పెరుగులా తోడుపెట్టుకుంటున్నారు. అది తింటే గుండె కణాల్లో నాలుగేసి ప్రోటీన్ ముక్కలు జతకట్టి, పొటాషియం బయటికెళ్లే వాకిలి అవుతాయి. ఆ వాకిలి తెరుచుకుంటేనే, కొట్టుకున్న గుండె మళ్లీ సేదతీరేది.

ఆ పూట వీరభద్రం గిన్నె నాకేశాక, తోడుకు చెంచాడైనా ఉంచలేదని గుర్తొచ్చి బెంబేలెత్తాడు. పోయిన భార్య అనసూయ పెట్టిన తోడు అది. వేరే తోడు అతని గుండెకు పడదు. ఖాళీ గిన్నెతో ఎదురింటి తలుపు తట్టాడు.

"ఏంటి బాబాయ్ గారూ, గిన్నెతో సహా మింగేయబోయారా?" నవ్వింది మంగతాయారు. "పిన్నిగారు అడిగినవాళ్లకల్లా తోడు ఇచ్చారుగా! మా ఇంట్లోనూ అదే, పైవాటాలోనూ అదే. ఇలా ఇవ్వండి."

చెంచాడు పెరుగు గిన్నెలో పడింది.

"బతికించావే, అనసూయా!" అనుకుంటూ వీరభద్రం పాలు వెచ్చబెట్టడానికి పరుగెత్తాడు.