ఎడమచేతి ముడి

"విప్పప్పా సంచి. చూడకుండా లోపలికి వదిలేదానికి లేదు."

హాస్టల్ గేటు దగ్గర సెక్యూరిటీ చెన్నయ్య గుడ్డసంచి మూతికి కట్టిన తాడును గోళ్ళతో గీరుతున్నాడు. లాగేకొద్దీ అది బిగుసుకుంటోంది.

"ఏం ముడప్పా ఇది! దొంగసొత్తేమన్నా ఉండాదా లోపల?"

"నిప్పట్లు ఉండాయి సామీ. మావానికని వాళ్ళమ్మ చేసింది." ఓబళప్ప సంచి తీసుకుని, ఎడమ బొటనవేలితో ముడిని ఒక పక్కకు తోశాడు. తాడు వదులైపోయింది. "మగ్గం కాడ పట్టుకట్టలకు వేసే ముడి. నేను ఎడమచేతోన్ని గదా, నాది తిరగేసి పడతాది. ఓబళప్ప ముడి యముడు గూడా విప్పలేడని దొడ్డబళ్ళాపురంలో మా షెడ్డంతా నవ్వుతాది. నాకూ మావానికీ తప్ప ఇంకెవురికీ రాదు."

"ఎవురప్పా మీవాడు?"

"నరేశ్. రెండో సంవత్సరం. ర్యాగింగ్ విషయమని వార్డెన్ సారు ఫోన్ చేసినాడు."

చెన్నయ్య ముఖంలో నవ్వు ఆగిపోయింది. సంచిలోకి చూడకుండానే, "పైకి పోండి, వార్డెన్ సారుది మొదటి గది" అన్నాడు.

మెట్లెక్కుతుంటే ఓబళప్పకు పాత ఫోను గుర్తొచ్చింది. పోయిన ఏడు ఇదే హాస్టల్ నుంచి నరేశ్ ఫోన్ చేసి ఏడ్చాడు. సీనియర్లు బట్టలు ఉతికిస్తున్నారనీ, గోడకుర్చీ వేయిస్తున్నారనీ, చదువు మానేసి వచ్చేస్తాననీ. మగ్గాల చప్పుడుకు ఒక చెవి మూసుకుని ఓబళప్ప చెప్పింది ఒక్కటే.

"ఓర్చుకో అబ్బీ. ప్రహ్లాదుడు ఎన్ని ఓర్చుకోలేదు! ఒక్క సంవత్సరం గడిచిందంటే నువ్వే సీనియర్. అప్పుడు నీ మీద చెయ్యేసేవాడు ఎవుడుంటాడు?"

ఆ తర్వాత నరేశ్ మళ్ళీ ఏడవలేదు. అంతా కదిరి నరసింహస్వామి దయ అనుకున్నాడు ఓబళప్ప. భార్య పిల్లమ్మతో కలిసి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు కూడా.

ఇప్పుడు అనుమానం వస్తోంది. ఏడుపు ఆగిపోతే బాధ ఆగిపోయినట్టేనా? స్వామి స్తంభం చీల్చుకుని వచ్చిన మాట నిజమే. కానీ ఆ పసివాడికి ఓర్చుకోమని ఎవరూ చెప్పలేదే! తాను మాత్రం కన్నకొడుక్కి చెప్పాడు.

ఈసారి అలా అనకూడదు. అంతా బయటికి చెప్పమనాలి.

గదిలో నరేశ్ గోడవారన నిలబడి ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. ఓబళప్ప గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకోబోయాడు. నరేశ్ చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఎక్కడ దెబ్బ తగిలిందో అనుకుని తండ్రి ప్రాణం విలవిల్లాడింది.

"రెండు రోజులైంది. ఎంత అడిగినా నోరు విప్పడం లేదు," అన్నాడు వార్డెన్. కర్ణాటక హొసకోటె మనిషైనా తెలుగు బాగానే వచ్చు. "సాయంత్రం కమిటీ కూర్చుంటుంది. అప్పటికీ నిజం చెప్పకపోతే కేసు పోలీసులకు పోతుంది. మీరన్నా చెప్పి చూడండి."

ఓబళప్ప కొడుకు ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పు అబ్బీ. పోయినేడు నేను చెప్పింది తప్పు. తెగిన పోగును అక్కడికక్కడ ముడెయ్యకుంటే చీరంతా పాడైతాదని నీకు తెలీదా? ఎవురికీ భయపడొద్దు. చేసినోడు ఎవుడైనా సరే, పేరు చెప్పు."

నరేశ్ తల దించుకున్నాడు. "నువ్వు ఇంటికి పో నాయనా."

"పోను. నువ్వు చెప్పిందాకా ఈ పొద్దు ఈడనుంచి కదల్ను."

వార్డెన్ నిట్టూర్చి, సొరుగులోంచి బట్టలారేసే నైలాన్ తాడు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"దీంతో కుర్రాడి చేతులు రెండూ బాత్రూమ్ కొళాయికి కట్టేశారు. గంటసేపు. కోసి విడిపించేసరికి వేళ్ళు నల్లబడ్డాయి. ఇంకాసేపైతే ఏమయ్యేదో దేవుడికే తెలియాలి."

ఓబళప్ప కళ్ళు నీళ్ళతో మసకబారాయి. తాడు సరిగా కనిపించలేదు.

"ఎవుడు సార్ వాడు? మనిషి పుట్టుక పుట్టినాడా?" ఓబళప్ప వార్డెన్ వైపు తిరిగాడు. "వాళ్ళ నాయన్ని పిలిపించండి సార్. కొడుక్కి ఏం నేర్పినాడో నేనడగతా."

వార్డెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పిలిపించాను," అన్నాడు మెల్లగా.

ఓబళప్ప తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. వెనక నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. నరేశ్ గోడకేసి తిరిగి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు విని ఏడాది దాటింది.

ఆ రాబోయే తండ్రికి చూపించాలని ఓబళప్ప బల్ల మీది తాడు చేతిలోకి తీసుకున్నాడు. రెండు చివరలూ కోసేసినా మధ్యలో ముడి అలాగే బిగుసుకుని ఉంది. అతని చూపు మాత్రం తలుపు మీదే ఉంది. అలవాటు చొప్పున ఎడమ బొటనవేలు దాన్ని ఒక పక్కకు తోసింది.

ముడి ఊడిపోయింది.