పెరటిమూల చాంబరు

"ఈడ కూడా కాదా? అయితే నా నెత్తిన తవ్వప్పా!" అంది సుమతి.

ప్లంబరు తిప్పేస్వామి పలుగు పక్కనపెట్టి చెమట తుడుచుకున్నాడు. "కింద బండ ఉండాది కదమ్మా. నేనేం చేసేది?"

అత్తగారు మునియమ్మ తుంటి విరిగి మదనపల్లె ఆసుపత్రిలో ఉంది. రేపు తీసుకొస్తారు. ఆమె కోసమే పుంగనూరు ఇంటి వెనక కొత్తగా ఒక గదీ, దాన్నానుకుని బాత్రూమూ కట్టించారు. పాత డ్రైనేజీ చాంబరు సరిగ్గా ఆ గది నడిమధ్యకు వస్తుందని గోడలు లేచేదాకా ఎవరి బుర్రకీ తట్టలేదు. మంచం కింద మోరీ! దాన్ని పైపులతో సహా బయటికి మార్చేదాకా బాత్రూములో చెంబెడు నీళ్ళు పోసే వీల్లేదు.

ఎడమపక్క బండ. కుడిపక్క తవ్వబోతే పక్కింటి సుభద్రమ్మ, "మీ మోరీ మా గోడకాడ యాలమ్మా?" అని వీధంతా వినపడేలా అరిచింది. మిగిలింది పెరటిమూల ఒక్కటే.

తిప్పేస్వామి అక్కడ ముగ్గుపిండితో గీత గీశాడో లేదో, సందులోంచి ఒక ముసలామె వచ్చి సరిగ్గా ఆ గీత మీదే చతికిలబడింది.

సుమతికి ఒళ్ళు మండిపోయింది. "ఎవరవ్వా నువ్వు? లెయ్యి ముందు."

"కలకడ నుంచి వస్తాండానమ్మా. మునెమ్మక్కకు బాగలేదంటే సూసిపోదామని..."

"ఆసుపత్రిలో ఉండాది. రేపు రా. ఇప్పుడు లెయ్యి."

ముసలామె లేవలేదు. నేల మీద చెయ్యి ఆనించింది. "ఈడ మాత్రం తవ్వాకమ్మా. మురికినీళ్ళు ఈడ నిలబెట్టాకండి."

"యాల?"

"ఈడ... నాది ఒకటి ఉండాది తల్లీ."

ఓహో, అదా సంగతి! పుంగనూరులో స్థలాల ధరలు పెరిగినప్పట్నుంచీ ఎవరు గోడ లేపినా, మాకూ భాగముందంటూ ఎవరో ఒకరు పుట్టుకొస్తున్నారు. ఇప్పుడు ముసలమ్మల్ని కూడా పంపుతున్నారన్నమాట!

"నీదేముండాదవ్వా ఈడ? కాగితాలుండాయా? పట్టా ఉండాదా?"

"కాగితాలుండేది కాదమ్మా..."

"ఇదో, ఇట్లా రా!" సుమతి మొగుణ్ణి కేకేసింది. "ఈయమ్మ స్థలంలో భాగమడగతాండాది!"

గిరిబాబు పైపు భుజాన వేసుకునే వచ్చాడు. ఆసుపత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి అప్పటికే విసిగిపోయి ఉన్నాడు.

"ఏందవ్వా నీ గోల? నీదేముండాదో చెప్పు. లేకుంటే పో."

ముసలామె నోరు తెరిచింది. అతని మొహంలోకి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"ఏం లేదులేప్పా," అంది చివరికి. మోకాళ్ళు పట్టుకుని లేచింది. "నువ్వు బాగుండావు కదా. అది చాలు."

"బాగుండేదానికి మీరు వదిలితే కదా!" అంది సుమతి.

తవ్వుతుంటే చిన్న మట్టిపిడత ఒకటి పలుగు తగిలి పగిలింది. తిప్పేస్వామి ఆ పెంకుల్ని మట్టితోపాటే తట్టలోకి ఎత్తేశాడు. పొద్దుగూకేలోగా చాంబరు కట్టి మూత వేశారు. బాత్రూములో బకెట్టు నీళ్ళు గుమ్మరిస్తే గడగడా పోయాయి. హమ్మయ్య, సుమతికి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు మునియమ్మను కొత్త గదిలో పడుకోబెట్టారు. కిటికీలోంచి పెరట్లోకి చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"ఆ మూల యాల తవ్వినారమ్మా? గిరి పుట్టినప్పుడు మాయను పిడతలో పెట్టి ఆడనే పూడ్చినాము. దాని మీద మైలనీళ్ళు పారితే బిడ్డకు మంచిది కాదు!"

"నిన్న ఒక ముసలామె కూడా తవ్వొద్దనింది అత్తా. కలకడంట. ఈడ నాది ఒకటి ఉండాదనింది. స్థలం కోసం వచ్చిందనుకుని..."

"గౌరమ్మ వచ్చిందా! ఇన్నేళ్ళకా?" మునియమ్మ లేవబోయి నొప్పికి మూలిగింది. "గిరి ఉండాడా అప్పుడు? వానికేమన్నా చెప్పిందా?"

"ఏమీ చెప్పలేదత్తా. మీ కొడుకే కసిరి పొమ్మన్నాడు."

మునియమ్మ కళ్ళు మూసుకుంది. "ఎవరికీ చెప్పనని ఆ పొద్దు నా చేతిలో చెయ్యేసి పోయింది. మాట నిలబెట్టుకునింది. వాడు పొమ్మనింది కన్నతల్లిని, సుమతీ."